పెరటి కోడి మేతసంచి – వ్యాధులు, గుర్తింపు, చికిత్స

తెలుగు పాఠాలు చెప్పుకొనేవారికి కోళ్ళ జబ్బులతో పని ఏమి అని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. ఒక తరగతిలో, ఎవరి ఇండ్లలో కోళ్ళు ఉన్నవో చేతులెత్తుమని మేము అడిగినప్పుడు, ఎత్తని చేతులు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే కనిపించినవి. ఆ కోళ్ళు ఎవరివి అని మరల అడుగగా దాదాపు అందరి సమాధానము ఒక్కటే: అమ్మవి, లేదా నానీవి. పొలము తండ్రి పేరున, దుకాణము అన్న పేరున ఉండవచ్చును గాని, పెరటిలో తిరిగే నాలుగు పెట్టలు మాత్రము ఇల్లాలి సొంత ఆస్తి. గ్రుడ్లు అమ్మిన పైకము ఆమె కొంగున ముడిపడుతుంది. నోటుపుస్తకాలు, బస్సు పాసు, పరీక్ష రుసుము ఆ ముడిలోనుండే వెలువడుతున్నవన్న సంగతి మన విద్యార్థినీ విద్యార్థులకు మేము చెప్పనక్కరలేదు. అటువంటి పెట్ట ఒకటి మేత మాని, మెడ ముడుచుకొని, మూల నిలబడినప్పుడు ఇంటిలో కలిగే కలవరము చిన్నది కాదు. ఆ కలవరములో, జబ్బు ఏదో తెలియక చేసే వైద్యమే తరచుగా కోడి ప్రాణము తీస్తున్నదని మా అభిప్రాయము. ముఖ్యముగా మేతసంచికి సంబంధించిన జబ్బులలో ఇది నిజము.

ముందుగా పేరు సంగతి. కోడి లోపలి భాగాలలో కందనకాయ తెలియని తెలుగువారు లేరు. దానికంటె ఎంతో ముందు, మెడ అడుగున, రొమ్ము పైభాగాన, కొంచెము కుడి ప్రక్కకు ఒరిగి ఉండే పలుచని సంచిని ఆంగ్లములో క్రాప్ అంటారు. పశువైద్యశాలలలోను ఆ మాటే వినిపిస్తుంది. మన వైపు కొందరు తిత్తి అనీ, కొందరు మేతసంచి అనీ వ్యవహరిస్తారు. మేము ఇక్కడ మేతసంచి అనే వాడుతున్నాము. ఉర్దూలో దీనికి పోటా అన్న చక్కని మాట ఉన్నది. కందనకాయకు సంగ్‌దానా అని వేరే పేరు. అయినను మాంసపు దుకాణములో పోటా-కలేజీ అని అడిగినవారికి ఇచ్చేది కందనకాయ, కార్జములే. మేతసంచిని కోసేవారు గింజలతో సహా అవతల పారవేస్తారు. పారవేసే వస్తువు పేరును వండుకొనే వస్తువు తీసుకొన్నదేమో! ఇది కేవలము భాషాచర్చ కాదు. “పోటా గట్టిపడినది” అని చెప్పినప్పుడు వైద్యుడు కందనకాయ అనుకొంటే చికిత్స దారి తప్పుతుంది. కాబట్టి కోడిని ఎత్తి పట్టుకొని, చోటు చేతితో చూపించి చెప్పడమే మేలు.

కోడికి దంతాలు లేవు. నమలకుండ మ్రింగిన గింజ అన్నవాహిక గుండా దిగుతుంది. ఆ అన్నవాహికయే రొమ్ము వద్ద ఒక ప్రక్కకు ఉబ్బి సంచి అయినది. కందనకాయ ఖాళీగా ఉన్నప్పుడు మేత ఈ సంచిలో ఆగకుండానే నేరుగా క్రిందికి పోతుంది. కందనకాయ నిండిన తరువాతనే మిగిలినది సంచిలో చేరుతుంది. అక్కడ లాలాజలముతోను, త్రాగిన నీటితోను నాని మెత్తబడి, కొద్దికొద్దిగా క్రిందికి జారుతుంది. క్రింద మొదట ఆమ్లరసము ఊరే చిన్న జీర్ణాశయము, దాని తరువాత కందనకాయ. కోడి ఏరుకొని మ్రింగిన చిన్న గరుకు రాళ్ళతో కందనకాయ తిరుగలివలె గింజను నూరుతుంది. కనుక మేతసంచి జీర్ణము చేసే అంగము కాదు, గాదె వంటిది. అడవిపక్షి బహిరంగములో ఎక్కువ సేపు తలవంచి తింటే పిల్లికో, గ్రద్దకో ఆహారము కాగలదు. అందుచేత త్వరత్వరగా ఏరుకొని, నింపుకొని, దాగి నిదానముగా అరిగించుకొనే ఏర్పాటు దానికి కలిగినది. మన పెరటి కోడిలోను ఆ ఏర్పాటే నిలిచి ఉన్నది.

ఈ సంచిలో పాలను పెరుగు చేసే జాతికి చెందిన సూక్ష్మజీవులు సహజముగా నివసిస్తాయి. అవి అక్కడ స్వల్పమైన పులుపును కలిగించి, చెడు క్రిములను, బూజులను అణచి ఉంచుతాయి. ఈ చిన్న విషయమును జ్ఞాపకముంచుకొనవలెను. తరువాత దీనితో పని ఉన్నది. (పావురాలను పెంచే హైదరాబాదు పాతబస్తీ వారికి మేతసంచి గురించి మరొక వింత తెలుసును. పావురాలలో తల్లి, తండ్రి ఇరువురి మేతసంచి గోడలనుండి పాల వంటి పదార్థము ఊరుతుంది. పిల్లలను దానితోనే సాకుతాయి. కోడికి ఆ శక్తి లేదు.)

ఇక గుర్తింపు విషయము. పక్షి లోపలి అంగములలో బయటినుండి చేతికి స్పష్టముగా తగిలేది ఇది ఒక్కటే. గుండె, కాలేయము, కందనకాయ జబ్బులను తెలుసుకొనవలెనన్న వైద్యుడు కావలెను. మేతసంచి సంగతి తెలుసుకొనుటకు ఇంటివారి వ్రేళ్ళు చాలును. కాని ఏ వేళ తాకవలెనో తెలియవలెను. ప్రొద్దుగూకే వేళ కోడి గూటికి చేరబోయే ముందు కడుపార తింటుంది, రాత్రి అంతా అరిగించుకొనుటకు. అప్పుడు మేతసంచి నిమ్మకాయ అంత, ఒక్కొక్కప్పుడు అంతకంటె పెద్దదిగా, గింజలు చేతికి తెలిసేటట్లు నిండి ఉంటుంది. అది జబ్బు కాదు. సాయంకాలము ఆ ఉబ్బును చూచి భయపడి వైద్యము ప్రారంభించినవారిని మేము ఎరుగుదుము. తెల్లవారి గంప ఎత్తకముందు, మేత, నీరు చూపకముందు, అదే చోట వ్రేళ్ళు పెట్టి చూడవలెను. ఆరోగ్యముగల కోడికి అప్పుడు అక్కడ వదులు చర్మము తప్ప ఏమియు తగలదు. తెల్లవారినను సంచి నిండి ఉన్నదంటే రాత్రి మేత కదలలేదన్నమాట. సాయంకాలము ఒకమారు, ఉదయము ఒకమారు: ఈ రెండు తాకుళ్ళతోనే సగము రోగనిర్ణయము జరిగిపోతుంది. సాయంకాలము కూడ ఖాళీగా ఉన్నచో కోడి అసలు తినడము లేదని అర్థము. అప్పుడు జబ్బు మరెక్కడనో వెదకవలెను.

ఉదయము నిండి ఉన్న సంచి రెండు రకాలుగా చేతికి తగులుతుంది. గట్టిగా, పిండిముద్దవలెనో, చెక్కముక్కవలెనో తగిలితే అది మేత అడ్డుపడుట. మెత్తగా, నీరు నింపిన తోలుతిత్తివలె జలజలలాడుతూ, కోడి నోటినుండి పుల్లని, పులిసిన పిండి వంటి వాసన వస్తే అది సంచి పులియుట. మూడవది ఒకటి ఉన్నది: సంచి గోడ సాగిపోయి, ఎప్పుడును రొమ్ము ముందు వ్రేలాడుతూ ఉండడము. మొదటి రెండింటిని వేరుచేసి గుర్తించడము అత్యవసరము. ఎందుచేతనన్న, ఒకదానికి చేసే ఉపచారము రెండవదానికి హాని.

మొదట గట్టిపడుట గురించి. దీనికి కారణము తొంబదిపాళ్ళు మన పెరడే. ముదిరిన పొడుగు గడ్డి, వరిగడ్డి పోచలు, కొబ్బరి పీచు, పురికొస, తల దువ్వుకొని పారవేసిన వెంట్రుకల ఉండలు, నైలాను దారము, ఇప్పటి కాలములో అన్నింటికంటె ఎక్కువగా పాలితీన్ సంచుల తునకలు. పూర్వము ఇంటి చెత్తలో కోడి మ్రింగి చెడగలిగినవి తక్కువ. ఇప్పుడు పాలపాకెట్టు మూలను కత్తిరించి పారవేసిన చిన్న ముక్క కూడ దానికి గింజవలె కనిపిస్తుంది. మా బంధువుల ఇంట నెలల తరబడి చిక్కిపోతూ వచ్చిన ఒక మంచి పెట్టను చివరకు కోసినప్పుడు, మేతసంచిలో నైలాను దారము చుట్టుకొన్న గడ్డి ఉండ, నిమ్మకాయ అంతది, కనిపించినది. రొమ్ము ఎముక కత్తి అంచువలె తేలి ఉన్నది. ఆ ఇంటి ఖాలా దానికి దిష్టి తగిలినదని చాలా దినాలు నమ్మినది. దిష్టి కాదు, దర్జీ పని చేసే ఇంటి వాకిలి ఊడ్పులో దారపు ముక్కలు. దర్జీ పని, బీడీలు చుట్టు పని మన ఇండ్లలో ఎక్కువ గనుక ఈ సంగతి ప్రత్యేకముగా చెబుతున్నాము: బీడీ కట్టలకు చుట్టే దారము కూడ ఇదే హాని చేస్తుంది.

విందు మరునాడు మరొక ప్రమాదము. వలీమా ముగిసిన తరువాత మిగిలిన బిర్యానీ, నాన్‌రొట్టె ముక్కలు కుప్పగా పెరటిలో వేస్తారు. ఒక పూట ఆకలిగా ఉన్న కోడి వాటిమీద పడి తింటే, రొట్టె సంచిలో నీరు పీల్చుకొని జిగురుముద్దగా మారుతుంది. ఎండు గింజలను ఆకలితో ఒక్కసారిగా తిని, వెంటనే నీరు త్రాగినను ఇట్లే జరుగవచ్చును. రాళ్ళ కొరత వేరొక కారణము. సిమెంటు వాకిలిలో కట్టి పెంచే కోడికి గరుకు ఇసుక దొరకదు. కందనకాయ నూరలేకపోతే పైనున్న సంచిలో మేత నిలిచిపోతుంది. ఆల్చిప్పల పొడి వేస్తున్నాము కదా అని కొందరు అంటారు. అది గ్రుడ్డు పెంకుకు కావలసిన సున్నమును ఇస్తుంది గాని కడుపులో కరిగిపోతుంది, నూరుటకు పనికిరాదు. గరుకు ఇసుకను, చిన్న రాతిపలుకులను వేరుగా ఒక చిప్పలో పెట్టవలెను.

గట్టిపడిన సంచిగల కోడిని మిగిలినవాటినుండి వేరుచేసి, గడ్డి, ఊక లేని శుభ్రమైన చోట గంప క్రింద ఉంచవలెను. ఒక దినము గట్టి మేత ఏమియు పెట్టరాదు. నీరు మాత్రము ఎల్లప్పుడు అందుబాటులో ఉండవలెను. గోరువెచ్చని నీటిని, తరువాత చిన్న చెంచాలో సగము వేరుసెనగ నూనెనో, నువ్వుల నూనెనో, చుక్కచుక్కగా ముక్కు ప్రక్కనుండి వేయవలెను. వేసే పద్ధతి ముఖ్యము. పక్షులకు గాలిగొట్టము తలుపు నాలుక మొదటనే తెరుచుకొని ఉంటుంది. మనకు మ్రింగేటప్పుడు దానిని కప్పే మూతవంటి భాగము పక్షికి లేదు. ముక్కు బలవంతముగా తెరచి గొంతులో ఒక్కసారి పోసినచో నూనె ఊపిరితిత్తులలోనికి పోతుంది. కోడి ఆ రాత్రి చనిపోతే జబ్బు ముదిరినదని అనుకొంటాము. చంపినది నూనె అని తెలియదు. ఒక్కొక్క చుక్క వేసి, కోడి తానే మ్రింగేవరకు ఆగవలెను.

నూనె వేసిన కొంతసేపటికి కోడిని నిటారుగా ఒడిలో పట్టుకొని, సంచిని వ్రేళ్ళ కొనలతో మెల్లగా, పిండి కలిపినట్లు, మూడు నాలుగు నిమిషాలు మర్దన చేయవలెను. దినమునకు మూడు నాలుగు మార్లు ఇట్లు చేయవచ్చును. లోపలి ముద్ద విడిపోయి మెత్తబడుతున్నదా అని ప్రతి ఉదయము చూడవలెను. ఒక దినమునకు మించి పస్తు పెట్టరాదు, ఏలయన అప్పటికే అది చిక్కి ఉంటుంది. సంచి తగ్గుతున్నచో మెత్తగా ఉడికిన అన్నపు గంజి, ఉడికించిన గ్రుడ్డు పచ్చసొన కొద్దికొద్దిగా పెట్టవచ్చును. రెండు దినాలకు ఏ మార్పు లేకపోతే లోపల ఉన్నది అన్నము కాదు, దారమో, పీచో, పాలితీనో అని అనుకొనవలెను. దానిని ఏ నూనెయు కరిగించలేదు. అప్పుడు శస్త్రచికిత్స ఒక్కటే మార్గము.

ఆ పేరు విని దిగులు పడనవసరము లేదు. పక్షి వైద్యములో ఇది సులువైనవాటిలో ఒకటి. ఆ చోట మాత్రము మొద్దుబారునట్లు మందు ఇచ్చి, చర్మమును, సంచి గోడను చిన్నగా కోసి, లోపలిదానిని తీసి, కడిగి, కుట్టువేస్తారు. కొన్ని పల్లెలలో చేయి తిరిగినవారు బ్లేడుతో కోసి, ఇంటి సూదీదారముతో కుట్టడము విన్నాము. కొన్ని కోళ్ళు బ్రతికినవట. బ్రతకనివాటి లెక్క ఎవరును చెప్పరు. వైద్యుడు సంచి గోడకు ఒక కుట్టు వరుస, చర్మమునకు మరొక వరుస, వేరువేరుగా వేస్తాడు. రెండింటిని కలిపి ఒకే దారముతో బిగించినచో అవి ఒకదానికొకటి అతుక్కొని, మేత, నీరు ఆ రంధ్రము గుండా కారుతూనే ఉంటాయి. మొద్దుబార్చు మందు లేకుండా కోయడము క్రూరము కూడ. ఒక పెట్ట వెల ఎంత, వైద్యుని వద్దకు పోవు బస్సు ఖర్చు ఎంత అని అడిగేవారు ఉన్నారు. ప్రశ్న న్యాయమైనదే. ప్రభుత్వ పశువైద్యశాల కోళ్ళకు కూడ ఉద్దేశించినదే. ఆవులకు, గేదెలకు మాత్రమే అనుకొని మన ఇల్లాండ్రు అక్కడకు పోవుటకు సంకోచిస్తారు. కళాశాలలో చదివే కుమారుడో కుమార్తెయో వెంట వెళ్ళి రెండు ముక్కలు చెప్పినచో ఆ సంకోచము తీరుతుంది. రెండు తెలుగు రాష్ట్రాలలోను సంచార పశువైద్య వాహనముల కొరకు 1962 అను ఫోను నంబరు ఏర్పడి ఉన్నది. ఒక్క కోడి కొరకు వాహనము వచ్చునా అన్నది వేరే మాట. సలహా అడుగుటకు అడ్డు లేదు.

రెండవది సంచి పులియుట. ఇది చాలా వరకు కాండిడా అను జాతి బూజు వలన కలుగుతుంది. చిన్నపిల్లల నోటిలో తెల్లని పొరగా కనిపించే బూజు కూడ ఈ కుటుంబముదే. కోడి నోటిలోను ఒక్కొక్కప్పుడు తెల్లని పొర కనిపించవచ్చును. చనిపోయిన కోడి మేతసంచిని తెరచి చూచినచో, లోపలి గోడ మందముగా, తెల్లగా, ముడతలు తేలి టర్కీ తువ్వాలువలె కనిపిస్తుందని పశువైద్య గ్రంథాలు చెబుతాయి. ఈ ఉపమానము ఎవరికి తోచినదో గాని చక్కనిది. ఈ బూజు ఎక్కడినుండో క్రొత్తగా రానవసరము లేదు. కొద్దిపాటిగా కోడి కడుపులో ఉంటూనే ఉంటుంది. ఇంతకు ముందు చెప్పిన పెరుగు జాతి సూక్ష్మజీవులు దానిని అణచి ఉంచుతాయి. ఆ కాపలా తొలగినప్పుడు అది విజృంభిస్తుంది. మేత అడ్డుపడి నిలిచి మురిగితే తొలగవచ్చును. బూజు పట్టిన నూకలు, పాచిపట్టిన నీళ్ళతొట్టి వలన తొలగవచ్చును. కాని మన ఇండ్లలో ఈ కాపలాను మనమే చేజేతులా తొలగించే పద్ధతి ఒకటి ఉన్నది.

కోడి కొంచెము నలతగా ఉన్నదనగానే మందుల దుకాణమునకు పోయి, టెట్రాసైక్లిన్ జాతి గొట్టము మాత్రను తెచ్చి, విప్పి, పొడిని నీటిలో కలిపి కోళ్ళన్నింటికిని పెడతారు. ఆ మందు చంపేది బాక్టీరియాను. బూజు బాక్టీరియా కాదు. దానికి ఈ మందు తగలదు. చచ్చేవి సంచిలోని మంచి సూక్ష్మజీవులు. శత్రువును విడిచి కావలివానిని కొట్టినట్లు అవుతుంది. మూడు దినాల మందు తరువాత కోడి సంచి మరింత జలజలలాడితే, మందు చాలలేదని ఇంకొక మాత్ర తెస్తారు! ఈ అలవాటు వలన మనుష్యులకును నష్టమే. మందు జాడలు గ్రుడ్డులోనికి వస్తాయి. ఆ మందుకు లొంగని క్రిములు పెరటిలో పెరుగుతాయి. చీటీ లేకుండ ఈ మాత్రలు అమ్మే దుకాణదారులను తప్పుపట్టవచ్చును గాని, అడిగి కొనేది మనమే.

సంచి పులిసినప్పుడు నూనె, మర్దన పనికిరావు. లోపల ఉన్నది ద్రవము. నొక్కినచో గొంతులోనికి ఎగదన్నుతుంది. అంతకంటె అపాయకరమైన పని, కోడిని కాళ్ళు పట్టి తలక్రిందులుగా వ్రేలాడదీసి ఆ నీటిని కక్కించడము. చాలా చోట్ల ఇది తెలివైన వైద్యముగా చెలామణీ అవుతున్నది. నీరు కారినది, సంచి తగ్గినది, నిజమే. కాని నాలుక మొదట మూత లేని గాలిగొట్టమును పాఠకులు మరచిపోలేదు కదా! కక్కిన ద్రవములో కొంత ఊపిరితిత్తులలోనికి పోతే కోడి చేతులలోనే ప్రాణము విడువవచ్చును, లేదా రెండు దినాలు ఆయాసపడి పోవచ్చును. సంచిని ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు వైద్యుడు మెత్తని గొట్టమును నేరుగా సంచిలోనికి పంపి కడుగుతాడు. ఆ పని ఆయనకే విడువవలెను.

బూజుకు తగిన మందు నిస్టాటిన్. దీనిని 1950లో అమెరికాలో ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అను ఇద్దరు మహిళా శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. వారు పనిచేసిన న్యూయార్కు రాష్ట్రము పేరు మీదుగా మందుకు ఆ పేరు పెట్టినారు. విజ్ఞానశాస్త్రము చదివే మన విద్యార్థినులకు ఈ సంగతి సంతోషము కలిగించగలదు. ఈ మందు ప్రేగులనుండి రక్తములో చేరదు. ఎక్కడ తగులుతుందో అక్కడి బూజునే చంపుతుంది. కనుక సంచి ఖాళీగా ఉన్నప్పుడు, మేతకు ముందు ఇవ్వవలెను. మోతాదు కోడి బరువును బట్టి వైద్యుడు నిర్ణయిస్తాడు. పూర్వకాలపు పుస్తకాలలో నీటిలో మైలుతుత్తము కలుపుమని ఉన్నది. మేము దానిని సిఫారసు చేయము. దాని గుణము సందేహాస్పదము, ఎక్కువైతే విషము. పెరటిలో చిటికెలతో కొలిచే చోట ఎక్కువ కావడము ఎంతసేపు? పెరుగు, మజ్జిగ కొద్దిగా ఇచ్చినందున కీడు లేదు. అది తోడు మాత్రమే, మందు కాదు. ఇక నీళ్ళతొట్టిని ప్రతి దినము తోమి కడగడము, తడిసిన తవుడును, బూజు వాసనగల నూకలను మొగమాటము లేకుండ పారవేయడము మందుతో సమానమైన పనులు. అటువంటి మేతలో, ముఖ్యముగా బూజు పట్టిన వేరుసెనగ చెక్కలో, మొక్కజొన్నలో కాలేయమును పాడుచేసే విషము కూడ పుడుతుంది.

మూడవది, సంచి సాగి వ్రేలాడుట. గోడ కండరాలు బలము కోల్పోయినవి తిరిగి బిగియవు. కొన్ని పక్షులకు ఇది పుట్టుకతో వచ్చిన బలహీనత. అటువంటి పెట్ట గ్రుడ్లను పొదిగించకపోవడము మంచిది. మేతను కొద్దికొద్దిగా, పలుమార్లు పెట్టుచు పోతే కొంతకాలము గ్రుడ్లు పెట్టుచు బ్రతుకుతుంది.

ఇంతవరకు చెప్పినదంతయు, జబ్బు మేతసంచిలోనే పుట్టినప్పటి మాట. జబ్బు వేరొకచోట ఉండి సంచి దాని లక్షణముగా నిండడము కూడ కలదు. ఇక్కడ పొరబడితే ఒక కోడితో పోదు. మన పల్లెలలో కొక్కెర తెగులు అని పిలువబడే రాణీఖేత్ వ్యాధిలో మేతసంచి తరచు పుల్లని నీటితో నిండి, తల వంచగానే నోటినుండి కారుతుంది. చూచినవారు సంచి పులిసినదనే అనుకొంటారు. కాని ఆ వ్యాధిలో ఆకుపచ్చని నీళ్ళ రెట్ట, నోరు తెరచి గురకతో ఊపిరి తీయడము, మెడ మెలిదిరగడము, కాళ్ళు రెక్కలు పడిపోవడము కనిపిస్తాయి. పైగా ఒకదాని వెంట ఒకటి కోళ్ళు పడిపోతాయి. మేతసంచి జబ్బు సాధారణముగా ఒక కోడిది. తెగులు గంపెడు కోళ్ళది. ఈ ఒక్క భేదమును ఇంటిలో పెద్దలకు తప్పక చెప్పవలెను. నేటి ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్ అను కొండ ఊరిలో దీనిని 1928 ప్రాంతమున గుర్తించినందున ఆ పేరు వచ్చినది. ఇంగ్లండులో అది న్యూకాసిల్ వ్యాధి. పడిన తరువాత దీనికి మందు లేదు. టీకా మాత్రము ఉన్నది. పిల్లలకు మొదటి వారములో కంటిలోనో ముక్కులోనో చుక్కగా వేసేది ఒకటి, ఎనిమిది వారాల వయస్సున రెక్క క్రింద సూదితో వేసేది ఒకటి. పశువైద్యశాలలో అడిగి, ఇరుగుపొరుగు నాలుగైదు ఇండ్లవారు కలిసి ఒకే దినమున వేయించుకొనడము సులువు. సీసా తెరచిన తరువాత మందు నిలువ ఉండదు గనుక, ఒక్క ఇంటి ఆరు కోళ్ళ కొరకు సీసా తెరువుమంటే ఎవరికైనను కష్టమే.

ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనుకకు చాచి పడి ఉన్న చిన్న వయస్సు కోడిలో సంచి నిండి ఉంటే అది మారెక్స్ వ్యాధి కావచ్చును. 1907లో దానిని వర్ణించిన హంగరీ పశువైద్యుడు మారెక్ పేరే దానికి నిలిచినది. నరములను దెబ్బతీసే వ్యాధి అది. మేతసంచిని కదిలించే నరము చచ్చుబడితే మేత కదలదు. దానికి ఎంత నూనె వేసినను వృథా.

అకస్మాత్తుగా ఒక్కటి రెండు దినాలలో అనేక కోళ్ళు చనిపోతే, తురాయి, ముఖము వాచి నీలిరంగుకు తిరిగితే, సంచిని తాకి చూడడము మానవలెను. అది పక్షి ఫ్లూ కావచ్చును. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో అది బయటపడినప్పటి కలవరము పాఠకులకు జ్ఞాపకముండును. అప్పుడు చేయవలసినది ఒక్కటే: ముట్టక, కోయక, అమ్మక, పశువైద్యశాలకు తెలియజేయడము.

ఈ కోయడము గురించి మన ఇండ్లకు సంబంధించిన ఒక మాట చెప్పక తప్పదు. కోడి ప్రాణము పోయేటట్లున్నదనగానే, చచ్చినచో ముర్దార్ అవుతుందన్న తొందరలో పరుగున కత్తి తెచ్చి జబహ్ చేయడము మనకు అలవాటు. వెల గల వస్తువు వృథా కారాదన్న పేదవారి లెక్క అందులో ఉన్నది. దానిని మేము తేలికగా చూడము. దారపు ఉండ అడ్డుపడి, మందులు ఏవియు వాడని, మరే రోగలక్షణము లేని కోడి సంగతి ఒకటి. అంటురోగముతో ఉన్న కోడి సంగతి వేరు. దానిని కోసే చేతికే మొదటి ప్రమాదము. మందు మాత్రలు తిన్న కోడి సంగతి మరొకటి. ఏ మందు వాడినను దాని మాంసమును, గ్రుడ్లను ఎన్ని దినాలు విడువవలెనో వైద్యుని అడిగి, ఆ తేదీని గూటి తలుపు మీద సుద్దతో వ్రాసి ఉంచుకొనవలెను. ఇంటిలో అందరికి చదువు రాకపోవచ్చును, ఒక్కరికైనను వచ్చును.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక చిన్న మనవి. ప్రతి సంవత్సరము సాహిత్య సభలు, క్రీడోత్సవాలు జరుపుతున్నాము. ఒక ఆదివారము పశువైద్యుని ఒకరిని పిలిచి, విద్యార్థుల తల్లులను కూడ ఆహ్వానించి, కోడిని చేతిలో పట్టుకొని సంచి ఎక్కడ ఉన్నదో, చుక్క మందు ఎట్లు వేయవలెనో చూపించగలిగితే, ఖర్చు టీ, బిస్కట్లకు మించదు. పరదా పాటించే తల్లుల కొరకు వేరుగా కూర్చొనే ఏర్పాటు ఉండవలెను. ఉపన్యాసము ఉర్దూలోను, తెలుగులోను జరుగవలెను. గట్టి సంచి ఎట్లుంటుందో, పులిసిన సంచి ఎట్లుంటుందో వ్రాసి చెప్పడము కష్టము. ఆ దినమున ఎవరైనను జబ్బు కోడిని గంపలో తెచ్చినచో, వచ్చినవారందరు ముందు దానిని వేరుగా ఉంచి చూచి, తరువాత చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.